ఇంకో డాక్టర్‌కి చూపించుకుందాం, అమ్మడూ

అమ్మడూ,

మొన్న ఫోన్‌లో నువ్వన్న మాట నన్ను వదలడం లేదు. "ఇన్నాళ్ళూ చూసిన డాక్టర్ గారిని కాదని ఇంకొకరి దగ్గరికి వెళ్తే ఆయన ఏమనుకుంటారు నాన్నా?" అన్నావు. ఫోన్‌లో మాట్లాడితే సగం మర్చిపోతాను. అందుకే రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

ఆయన మంచి డాక్టర్. నీకు మొదటిసారి ఫిట్స్ వచ్చినప్పుడు మన ముగ్గురికీ ఆయన ఎంత ఓపిగ్గా ధైర్యం చెప్పారో నేను మర్చిపోను. ఆ గౌరవం ఎక్కడికీ పోదు. కానీ మందులు వేళకు వేసుకుంటున్నా నీకు ఫిట్స్ ఆగడం లేదు. ఆయన నొచ్చుకుంటారేమోనని నువ్వు ఈ బాధ ఇంకో ఏడాది పడితే నేను ఒప్పుకోను. న్యూరాలజిస్టుల్లో మూర్ఛ ఒక్కదాని మీదే పనిచేసే ఎపిలెప్సీ స్పెషలిస్టులు వేరే ఉంటారు. ఫిట్స్ అదుపులోకి రాని పేషెంట్లను చాలామంది డాక్టర్లు తామే లెటర్ రాసి అక్కడికి పంపిస్తారు.

ఇప్పుడే ఎందుకంటే, నీకు రెండు మందులు వాడి చూడటం అయిపోయింది. మూర్ఛ వైద్యుల అంతర్జాతీయ సంఘం (ఇంటర్నేషనల్ లీగ్ అగైనెస్ట్ ఎపిలెప్సీ) 2010లో ఒక నిర్వచనం ఇచ్చింది. పేషెంట్‌కి ఉన్న రకం మూర్ఛకు తగిన మందులు రెండు, ఒంటికి పడినవి, సరైన డోసులో వాడినా ఫిట్స్ ఆగకపోతే దాన్ని మందులకు లొంగని మూర్ఛగా లెక్కపెట్టాలని. 2000లో క్వాన్, బ్రోడీ అనే ఇద్దరు డాక్టర్లు 470 మంది కొత్త పేషెంట్ల ఫలితాలు ప్రచురించారు. మొదటి మందుతోనే 47 శాతం మందికి ఫిట్స్ ఆగాయి. రెండో మందుతోనో మూడో మందుతోనో ఆగింది ఇంకో 14 శాతం మందికి మాత్రమే. కాబట్టి మూడో మందు అసలు పనిచేయదని నేననడం లేదు, కొందరికి పనిచేస్తుంది. దాన్ని మొదలుపెట్టేలోపు మిగతా ప్రశ్నలు కూడా ఎవరైనా అడగాలి కదా అంటున్నాను.

అన్నిటికంటే ముందు అడగాల్సింది, ఇది ఏ రకం మూర్ఛ అని. అసలు మూర్ఛేనా అని కూడా అడగాలి. మూర్ఛ జబ్బు లేకుండా మామూలుగా స్పృహ తప్పి పడిపోయినప్పుడు కూడా కొందరికి కాళ్ళూ చేతులూ కొట్టుకుంటాయి. మనసులోని ఒత్తిడి వల్ల అచ్చం ఫిట్స్ లాగే వచ్చేవీ ఉంటాయి, అవి నటన కాదు, వాటికి వైద్యం వేరు. మందులకు లొంగడం లేదని పెద్ద సెంటర్లకు వెళ్ళినవాళ్ళలో దాదాపు ఐదింట ఒక వంతు మందికి అది మూర్ఛ కాదని తేలుతుంది. నీ విషయంలో అలా ఉండదనే నా నమ్మకం. నేను కళ్ళారా చూశాను కాబట్టి.

నేను చూసింది నీకు ఎప్పుడూ వివరంగా చెప్పలేదు. పొట్టలోంచి ఏదో పైకి లేస్తున్నట్టుంది అంటావు. నీకు గుర్తుండేది అంతవరకే. ఆ తర్వాత పిలిస్తే పలకవు. కళ్ళు తెరిచే ఉంటాయి, కానీ నన్ను చూడవు. పెదాలు చప్పరిస్తావు. కుడిచేతి వేళ్ళు చొక్కా గుండీని పట్టుకుని అదేపనిగా తిప్పుతుంటాయి. ఎడమ చెయ్యి మాత్రం బిగుసుకుని మణికట్టు దగ్గర వంకర పోతుంది. నిమిషం లోపే అయిపోతుంది, ఒక్కోసారి ఒళ్ళంతా కొట్టుకునే పెద్ద ఫిట్స్‌గా మారుతుంది. ఫైల్లో మాత్రం మొదటి నుంచీ ఉన్నది "జనరలైజ్డ్ ఫిట్స్" అనే రెండు మాటలే, అంటే మెదడు రెండు పక్కలా ఒకేసారి మొదలయ్యేవని. ఆ చెయ్యి సంగతి, గుండీ సంగతి అందులో ఎక్కడా లేవు. అలా మొదలయ్యే ఫిట్స్ చాలాసార్లు మెదడులో ఒకే చోట, టెంపోరల్ లోబ్ అనే భాగంలో పుడతాయి. ఏ చెయ్యి ఆడుతోంది, ఏ చెయ్యి బిగుసుకుంటోంది అన్నదాన్ని బట్టి ఏ పక్కనో కూడా స్పెషలిస్టులు అంచనా వేస్తారు. రకాన్ని బట్టే మందు. ఒక రకానికి బాగా పనిచేసే కార్బమజెపైన్ ఇంకో రకంలో ఫిట్స్‌ని పెంచుతుంది.

కాబట్టి నీ రూమ్‌మేట్‌కి చెప్పి ఉంచు, ఈసారి వస్తే ఫోన్‌లో వీడియో తీయమని. ముందు నిన్ను ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, అయిదు నిమిషాలు దాటినా ఆగకపోతే అంబులెన్స్ పిలవాలి. వీడియో వీటి తర్వాతే. ముఖం, రెండు చేతులూ కనిపించేలా తీస్తే చాలు.

మెదడులోని కరెంటు తరంగాలు చూసే ఈఈజీ పరీక్ష నార్మల్ అని వచ్చింది కదా అని నువ్వు ఊరుకోకు. మామూలు ఈఈజీ అరగంట లోపు తీసేది. ఆ కాసేపట్లో మెదడు ప్రశాంతంగా ఉంటే రిపోర్ట్ నార్మల్‌గానే వస్తుంది, మూర్ఛ లేదని దానర్థం కాదు. రాత్రి నిద్ర లేకుండా వచ్చి తీయించుకునేది ఒకటి, హాస్పిటల్లో కొన్ని రోజులు ఉంచి కెమెరాతో పాటు తీసే వీడియో ఈఈజీ ఒకటి ఉన్నాయి. నీకు ఇవి రెండూ జరగలేదు. ఎమ్మారైకి కూడా మూర్ఛ కోసమే తీసే పద్ధతి వేరే ఉంది, టెంపోరల్ లోబ్ లోపల ఉండే హిప్పోకాంపస్ అనే భాగాన్ని పల్చటి పొరలుగా ఫొటోలు తీస్తారు. అనుభవం ఉన్నవాళ్ళు చూస్తే పాత స్కాన్‌లోనే కొత్త సంగతి దొరకడం కూడా మామూలే. అందుకే రిపోర్ట్ కాగితం ఒక్కటే చాలదు, సీడీ తీసుకెళ్ళాలి.

ఫిట్స్ పుట్టే చోటును మెదడులోంచి తీసేసే ఆపరేషన్ మాట ఎత్తితే నీకు టెన్షన్ అని తెలుసు. నేను చేయించుకో అనడం లేదు. ఒక్క సంగతి మాత్రం తెలుసుకో. 2001లో కెనడాలో మందులకు లొంగని టెంపోరల్ లోబ్ మూర్ఛ ఉన్న 80 మంది మీద చేసిన ట్రయల్ ఫలితాలు వచ్చాయి. ఆపరేషన్‌కి కేటాయించిన వాళ్ళలో ఏడాది తర్వాత స్పృహ పోయే ఫిట్స్ లేనివాళ్ళు 58 శాతం, మందులతోనే ఉన్నవాళ్ళలో 8 శాతం. అందరికీ అది కుదరదు, కుదురుతుందో లేదో తేల్చడానికే ఎన్నో పరీక్షలు. నీకు కుదరదని తేలితే సరే, అది తేల్చి చెప్పగలిగినవాళ్ళు ఒకసారి చూడాలి.

మూడో మందుగా మొదలుపెడదామంటున్న వాల్‌ప్రోయేట్ గురించి మీ అమ్మ రాయాల్సింది, నువ్వే రాయి అంది. గర్భంతో ఉండగా ఆ మందు వాడితే పదిమంది పిల్లల్లో ఒకరికి పుట్టుకతో లోపాలు, 30 నుంచి 40 శాతం మందికి ఎదుగుదలలో సమస్యలు రావచ్చు. పెళ్ళి, పిల్లల ఆలోచన నీకిప్పుడు లేదు, నాకు తెలుసు. అయినా మొదలుపెట్టక ముందే అడగాల్సిన మాట ఇది, వేరే మందు ఏమైనా ఉందా అని. కొన్ని మూర్ఛలకు అదే గట్టి మందు అని కూడా చదివాను. నిర్ణయం నీదే, అన్నీ తెలిశాక తీసుకో.

ఇదంతా చదివి ఇప్పుడు వాడుతున్న మాత్రలు మాత్రం ఒక్క పూట కూడా ఆపకు. హఠాత్తుగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. ఏ మార్పయినా డాక్టర్ చెప్పాకే.

నెలకోసారే కదా, సర్దుకుపోతాను అన్నావు. సర్దుకుపోకు తల్లీ. మూర్ఛ ఉన్న పెద్దవాళ్ళలో ఏడాదికి దాదాపు వెయ్యి మందిలో ఒకరు ఉన్నట్టుండి చనిపోతారు, ఎక్కువగా నిద్రలో. ఒళ్ళంతా కొట్టుకునే పెద్ద ఫిట్స్ ఎంత తరచుగా వస్తే ఆ ప్రమాదం అంత ఎక్కువ, అవి ఆగితే బాగా తగ్గుతుంది. నిన్ను భయపెట్టాలని రాయలేదు, ఈ మాట తెలుసుకునే హక్కు నీకు ఉంది.

డాక్టర్ గారితో సూటిగా చెప్పు. "రెండు మందులు వాడినా ఆగలేదు కదా సార్, ఒకసారి ఎపిలెప్సీ సెంటర్లో చూపించుకుంటాను, లెటర్ రాసివ్వండి" అంటే చాలు. ఆయన రాసిస్తారనే నా నమ్మకం. చిరాకు పడితే పడనీ, నీ రికార్డుల కాపీలు అడిగి తీసుకో.

అక్కడ కూడా ఈ డాక్టర్ గారు చెప్పిందే చెప్తే వెళ్ళింది వృథా అనుకోకు. నిశ్చింతగా ఈ డాక్టర్ గారి దగ్గరే కొనసాగవచ్చు. ఇద్దరూ వేరువేరుగా చెప్తే ఎందుకో కారణం అడుగు, వాళ్ళిద్దరినీ మాట్లాడుకోమను. మనకు నచ్చిన మాట దొరికేదాకా డాక్టర్లను మారుస్తూ పోవడం మాత్రం వద్దు. మందు పేరు కూడా చెప్పకుండా పొడులిచ్చి పూర్తిగా తగ్గిస్తామనే వాళ్ళ జోలికి అసలే వద్దు.

ఒక కాగితం మీద రాసిపెట్టు. ఏ మందు ఎప్పుడు మొదలైంది, ఎంత డోసు దాకా వెళ్ళింది, ఎందుకు మార్చారు. పనిచేయక మార్చిన మందు వేరు, ఒంటికి పడక మార్చిన మందు వేరు, ఆ తేడా వాళ్ళకు ముఖ్యం. లెవెటిరాసిటంతో నీకు ఊరికే కోపం వచ్చేదని, చిన్నదానికే ఏడ్చేదానివని కూడా రాయి, అది ఆ మందు వల్ల రాగలదే, నీ స్వభావం కాదు. ఫిట్స్ వచ్చిన తేదీలు, ఆ ముందు రాత్రి నిద్ర ఎంత, మాత్ర ఏదైనా మానేశావా, పీరియడ్స్ తేదీలు, ఇవన్నీ ఉండాలి.

ఎమ్మారై సీడీ, పాత ఈఈజీలు నా దగ్గర ఉన్నాయి, ఒక కవర్లో సర్దాను. అపాయింట్‌మెంట్ తేదీ తెలియగానే చెప్పు, నేనూ వస్తాను. ప్రశ్నలు నువ్వే అడుగు, నేను చూసింది మాత్రం నేను చెప్తాను.

ప్రేమతో,
నాన్న