రామప్పకు పోయే బస్సుల టైంలు బోర్డు మీద పెట్టాలె

ఎడిటర్ గారికి నమస్కారం. మాది నిర్మల్ దిక్కు పల్లె, మొన్న శని ఆదివారాలు దోస్తులతోని ఫస్ట్ టైం వరంగల్ తిరిగినం. హన్మకొండల వెయ్యి స్తంభాల గుడి 1163ల రుద్రదేవుడు కట్టించింది, ఆ నల్లరాతి నంది ఎంత నున్నగున్నదంటే మెడల గంటలు, పట్టీలు కూడ ఇప్పుడే చెక్కినట్టున్నయ్, అక్కడ్నే ఒక పెద్దమ్మ ఏ ఊరు బిడ్డా అని అడిగి పులిహోర పెట్టింది, మస్తు కడుపు నిండింది. ఖిలాల తోరణాలు, భద్రకాళి గుడి కూడ చూసినం.

గానీ రామప్ప దగ్గర్నే తిప్పలైంది. 2021ల యునెస్కో గుర్తింపొచ్చిన గుడి, ములుగు మీదుగ పాలంపేటకు పోవాలె, బస్సెప్పుడని బస్టాండ్ల అడిగితే తలా ఓ మాట, ఆఖరికి ఆటోకు అడిగినంత ఇచ్చి పోయినం. కొత్తోళ్లు ఎవర్ని అడగాలె సార్? పోయే బస్సులు, తిరిగొచ్చే ఆఖరి బస్సు టైం తెలుగుల పెద్దగ రాసి బోర్డు పెట్టించేటట్టు అధికారులు జర చూడాలె.

– ఒక పాఠకుడు, నిర్మల్ జిల్లా