ఆ టెంక మొక్కలు కొట్టేయకండి, మంత్రిగారూ

గౌరవనీయ ఉద్యాన శాఖ మంత్రిగారికి నమస్కారం.

కొత్త రకాల కోసం రెండేసి మామిడి రకాలను కలిపి, ఆ టెంకలతో మేం పెంచుతున్న సంకర మామిడి తోట గురించి ఇది నా నాలుగో ఉత్తరం. మొదటి మూడూ అందినట్టు రసీదులున్నాయి, జవాబు మాత్రం లేదు. ఈలోగా మనుషులొచ్చి చెట్ల మొదళ్లకు ఎర్ర రంగు పూసి వెళ్లారు. "ఐదేళ్లయినా ఫలితం లేదు, తొలగించవచ్చు" అని ఫైల్లో రాశారట.

ఐదేళ్లకు టెంక మొక్క ఏం చూపిస్తుందండీ? అంటు మొక్కయితే మూడో ఏటికే పూస్తుంది. టెంక నుంచి లేచిన చెట్టు పూతకు రావడానికే నాలుగైదేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. అమెరికాలోని ఫ్లోరిడాలో 1902లో నాటిన ముల్గోబా అనే మామిడి రకం టెంకల్లోంచి వచ్చిన చెట్టొకటి 1910లో మొదటిసారి కాసింది. అదే హేడెన్ అనే రకం. దాని టెంక నుంచే తర్వాత టామీ అట్కిన్స్ అనే ఇంకో రకం వచ్చింది. ఐదో ఏట ఆ చెట్టును కొట్టేసి ఉంటే ఈ రెండూ లేవు.

అసలు ఇలాంటి సంకర టెంకలు దొరకడమే గగనం. పూగుత్తిలో ఎక్కువ మగపూలే. కాయ కట్టగల మిగతా పూలను ఏరి, చేత్తో పుప్పొడి అద్ది, సంచి కట్టి కాపాడినా పిందెలు దాదాపు అన్నీ రాలిపోతాయి. నిలిచిన కాయకు ఒక్కటే టెంక. పైగా ఏ రెండు టెంకలూ ఒకటి కావు. మల్లిక, ఆమ్రపాలి అనే సంకర రకాలు రెండూ నీలం, దశేరి సంతానమే; అయినా మల్లిక కాయ పెద్దది, ఆమ్రపాలి చెట్టు పొట్టిది.

రెండో వరుసలో పదిహేడో చెట్టు నిరుడు మొదటిసారి నాలుగు కాయలు కాసింది. గాలికి రెండు పోయాయి. మిగిలిన రెండింటిలో ఒకటి కోస్తే పీచు లేదు, టెంక పలచన. పక్క చెట్టుదీ అదే తల్లి, అదే తండ్రి. కాయ మాత్రం నిండా పీచు, పులుపు. అలాగని పదిహేడు మంచిదని ఇప్పుడే చెప్పలేను. ఏటా కాస్తుందా, ఏడాది విడిచి ఏడాదా, తెగులుకు ఆగుతుందా అన్నది తెలియాలంటే నాలుగైదు కాపులైనా చూడాలి. ఆ పైన అంటు కట్టి వేరే నేలల్లోనూ పెంచి చూడాలి. ఇప్పుడు నరికితే మళ్లీ అదే జంటను కలిపినా ఆ చెట్టు తిరిగి రాదు.

నీళ్లు ఆపేశారు, కూలీలను తగ్గించారు. వాటికి ఎలాగో సర్దుకున్నాం. నరకడం ఒక్కటీ ఆపించండి. స్థలం తప్పనిసరిగా కావాలంటే ముందు ప్రతి చెట్టు నుంచీ పుల్లలు తీసి అంట్లు కట్టుకోనివ్వండి. చెట్లు నరికే టెండరు ఈ నెలాఖరుకే అంటున్నారు. పదిహేడో చెట్టు మళ్లీ పూత మీదుంది. దయచేసి ఆపించండి.

ఇట్లు,
ఆ తోటలో పనిచేసే ఒక ఉద్యోగి