సిపాయిల పతకాలను కరగనివ్వొద్దు

మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడిన సిపాయిల పతకాలు మన నగరంలో పాత సామాన్ల కింద, వెండి తూకానికి చెల్లిపోతున్నాయి. సంతలో పాత నాణేల పళ్లెంలో ఒకటి కనిపించింది. ఒకవైపు ఐదో జార్జి తల, రెండోవైపు గుర్రం మీద వీరుడు, 1914, 1918 అంకెలు. వెండి నల్లబడినా అంచు మీద సిపాయి నంబరు, పేరు, దళం ఇంకా చదవొచ్చు. కరిగిస్తే ఆ పేరు కూడా పోతుంది. నిజాం పంపిన హైదరాబాద్ లాన్సర్లు, అంటే ఈటెల గుర్రపు దళం వారు, సూయజ్ కాలువ దగ్గర, పాలస్తీనాలో పనిచేశారు. ఢిల్లీలోని తీన్‌మూర్తి విగ్రహాలు జోధ్‌పూర్, మైసూర్ దళాలతో పాటు వారికీ స్మారకమే. ఈ సంగతి ఇక్కడ ఎంతమందికి తెలుసు? పరాయి రాజు కొలువుకు గౌరవమేమిటని కొందరంటారు. పొట్టకూటి కోసం పటాలంలో చేరి ఎడారుల్లో పడ్డవాళ్ల మీద ఆ కోపం న్యాయం కాదు. తార్నాకలోని, పాత రికార్డులు భద్రపరిచే రాష్ట్ర పురాభిలేఖ కార్యాలయం నెలకో రోజు కేటాయించి, ఇళ్లలోని పతకాలు, సైన్యం నుంచి విడుదలైనప్పుడిచ్చిన డిశ్చార్జి కాగితాలు తెచ్చినవారి ముందే ఫొటో తీసి, అంచు మీది వివరాలు రాసుకుని, అసలువి వెంటనే తిరిగి ఇచ్చేయాలి. అమ్ముకోక తప్పనివారి దగ్గర ప్రభుత్వ మ్యూజియమే వెండి ధర కంటే కాస్త ఎక్కువిచ్చి కొనాలి.

– ఒక పాఠకుడు, మలక్‌పేట, హైదరాబాద్