సేఫ్ కోడ్ రీసెర్చ్‌కి విశాఖలో చోటివ్వండి: ఐటీ, విద్యా శాఖల మంత్రి గారికి బహిరంగ లేఖ

నారా లోకేశ్ గారికి నమస్కారం.

నేను మధురవాడలో ఉంటానండి, సిస్టమ్స్ సాఫ్ట్‌వేర్ రాయడం నా పని. గూగుల్ మన ఊళ్ళో ఐదేళ్ళలో 15 బిలియన్ డాలర్లు పెడతానని 2025 అక్టోబర్‌లో ప్రకటించింది, టీసీఎస్ కూడా వస్తోంది, ఎక్కడ విన్నా ఇదే మాట, నాకూ చాలా సంతోషంగా ఉంది. కాకపోతే భూమి గురించి, కరెంటు గురించి, ఉద్యోగాల గురించి మాట్లాడుతున్నాం గానీ ఆ సర్వర్ల మీద నడిచే కోడ్ ఎంత గట్టిదో ఎవరూ అడగట్లేదు.

ఈమధ్య మా మేనకోడలి ఫస్టియర్ సి లాంగ్వేజ్ ల్యాబ్ రికార్డు చూశాను, కాలేజీ పేరు వద్దులెండి. యూజర్ పేరు చదవడానికి గెట్స్ అనే ఫంక్షన్ రాయించారు. మనం ఎంత చోటు ఉంచామో ఆ ఫంక్షన్‌కి తెలీదు, ఎంటర్ కొట్టేదాకా వచ్చిందంతా మెమరీలోకి తోసేస్తూనే ఉంటుంది, చోటు దాటి పక్కనున్న రిటర్న్ అడ్రస్ (ఈ పని అయ్యాక ప్రోగ్రామ్ తిరిగి ఎక్కడికెళ్ళాలో చెప్పేది) మీద కూడా రాసేస్తుంది, అంటే బయటివాడు తన కోడ్‌ని మన మెషిన్‌లో నడిపించుకోవచ్చన్నమాట. 1988 నవంబర్‌లో మోరిస్ వార్మ్ అనే, తనంతట తానే పాకే ప్రోగ్రామ్ కంప్యూటర్లలోకి దూరిన దారుల్లో ఒకటి ఇదే. 2011లో సి స్టాండర్డ్ నుంచే దీన్ని తీసేశారు. అలాంటిది మన పిల్లలకి మొదటి సెమిస్టర్‌లోనే అలవాటు చేస్తున్నామంటే నిజంగా బాధేసిందండి. ఉన్నత విద్యా మండలి ఒక సర్క్యులర్ ఇస్తే అయిపోయే పని ఇది, ముందు అది చేయించండి.

అసలు చెప్పాలనుకున్నది మాత్రం గ్రెగ్ మోరిసెట్ అనే అమెరికన్ సైంటిస్ట్ గురించి. ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్‌ని సరిగ్గా డిజైన్ చేస్తే సెక్యూరిటీ తప్పులు కంపైలర్ (మనం రాసిన కోడ్‌ని మెషిన్‌కి అర్థమయ్యేలా మార్చే ప్రోగ్రామ్) దగ్గరే ఆగిపోతాయనే నమ్మకం మీద ఆయన ఏళ్ళ తరబడి పనిచేశారు. 1998లో ముగ్గురు సహచరులతో కలిసి మెషిన్‌కి బాగా దగ్గరగా ఉండే అసెంబ్లీ కోడ్‌కి కూడా టైప్స్ (ఏది ఏ రకం డేటానో చెప్పే గుర్తులు) పెట్టి, నడపకముందే చెక్ చెయ్యొచ్చని చూపించారు. ఆ తర్వాత కార్నెల్ యూనివర్సిటీ, ఏటీ అండ్ టీ ల్యాబ్స్ వాళ్ళతో కలిసి సైక్లోన్ అనే లాంగ్వేజ్ చేశారు. చూడ్డానికి సి లాగే ఉంటుంది, కానీ ప్రతి పాయింటర్ (మెమరీలో ఒక చోటుని చూపించేది) ఏ రీజియన్‌కి, అంటే మెమరీలో ఏ భాగానికి చెందిందో టైప్‌లోనే రాసి ఉంటుంది, ఆ మెమరీ పోయాక దాన్ని ముట్టుకుంటే కంపైలర్ ఒప్పుకోదు. ట్రెవర్ జిమ్, డాన్ గ్రాస్‌మన్, మైకేల్ హిక్స్ లాంటి వాళ్ళ కష్టం కూడా ఇందులో ఉంది, ఒక్కరి గొప్ప కాదు.

సైక్లోన్ మార్కెట్లో నిలబడలేదండి. 2006 ప్రాంతంలో పని ఆగిపోయింది. ఆ రోజు ఎవరైనా ఆఫీసర్ ఫైల్ తెరిచి "దీనివల్ల వచ్చిన ప్రాడక్ట్ ఏది" అని అడిగుంటే చూపించడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. కానీ ఆ రీజియన్ల ఐడియా రస్ట్ అనే మరో లాంగ్వేజ్‌లోకి వెళ్ళింది, రస్ట్ వాళ్ళే తమ డాక్యుమెంటేషన్‌లో సైక్లోన్ పేరు రాసుకున్నారు. రస్ట్ 1.0 2015లో వచ్చింది, 2022 డిసెంబర్‌కి లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ లాంటి కెర్నల్‌లోకి చేరింది. ఆండ్రాయిడ్ సంగతి చూడండి: సెక్యూరిటీ లోపాల్లో మెమరీ తప్పులవే 2019లో 76 శాతం, కొత్త కోడ్‌ని రస్ట్ లాంటి సేఫ్ లాంగ్వేజీల్లో రాయడం మొదలెట్టాక 2024 నాటికి 24 శాతం. పాత కోడ్ అంతా తిరగరాయలేదు, కొత్తది జాగ్రత్తగా రాశారు, అంతే. మన జేబులో ఉన్న ఫోన్‌కి ఇది చేరడానికి ఇంచుమించు ఇరవై ఏళ్ళు పట్టింది.

అందుకే అడుగుతున్నా మంత్రి గారూ, 1926లో పెట్టిన ఆంధ్ర యూనివర్సిటీ మన దగ్గరుంది, ఇంత పెట్టుబడి వస్తోంది, అక్కడ ప్రోగ్రామింగ్ లాంగ్వేజెస్, సెక్యూరిటీ మీద ఒక చిన్న రీసెర్చ్ గ్రూప్ పెట్టించి పదేళ్ళ పాటు ఆగకుండా ఫండ్ ఇవ్వండి. ఏటా ఎన్ని స్టార్టప్‌లు, ఎన్ని పేటెంట్లు అని లెక్క అడక్కండి, అలా అడిగితే సైక్లోన్ లాంటిది ఎప్పటికీ పుట్టదు. పీహెచ్‌డీ పిల్లలకి ఇచ్చే స్టైపెండ్ నెలనెలా టైముకి పడేలా చూడండి, లేకపోతే రీసెర్చ్ మానేసి జాబ్‌కి వెళ్ళిపోవాలనిపిస్తుంది. ఇంకోటి, మన రాష్ట్ర ప్రభుత్వం నడిపే 'మన మిత్ర' వాట్సాప్ సర్వీసుల్లో జనం సర్టిఫికెట్లు, బిల్లులు అన్నీ ఉన్నాయి కదా, ఇలాంటి గవర్నమెంట్ సాఫ్ట్‌వేర్‌కి కొత్తగా టెండర్ పిలిచేటప్పుడు ఇలాంటి మెమరీ తప్పులు జరగనివ్వని రస్ట్ లాంటి మెమరీ సేఫ్ లాంగ్వేజ్‌లోనే రాయాలనీ, కుదరకపోతే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలనీ ఒక షరతు పెట్టించండి.

ఇట్లు,
మధురవాడ నుంచి ఒక ప్రోగ్రామర్