నిలబడ్డ చెట్లను కూడా లెక్క రాసినవారికి

శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలో మాది ఎకరా నలభై సెంట్ల కొబ్బరితోట. తాతయ్య నాటింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారి చూస్తే 94 చెట్లలో 61 వేళ్లతో సహా పడున్నాయి. తిత్లీ అంటే సీతాకోకచిలుకట! ఆ పేరు పెట్టినవాళ్లు ఉద్దానం అని పిలిచే మా తోటల ప్రాంతం వైపు ఎప్పుడూ వచ్చుండరు.

బీమా లేదు. కొబ్బరిచెట్లకు బీమా ఉంటుందనే మా ఇంట్లో ఎవరికీ తెలీదు. ఇక మిగిలింది ప్రభుత్వం ప్రకటించిన సాయమే: కొబ్బరిచెట్టుకు 1,500 రూపాయలు. ఆ డబ్బు పోయిన వారం నాన్న ఖాతాలో పడింది. అది పడేదాకా మాకోసం తిరిగినవాళ్లకు నలుగురిలో దండం పెట్టుకోవాలని ఇది రాస్తున్నాను.

ముందుగా, లెక్కలకు వచ్చిన ఉద్యానశాఖ మేడమ్ గారు. వేరే జిల్లా నుంచి డ్యూటీ మీద వచ్చారు. పేరు రాయొద్దన్నారు, రాయను. పడ్డ చెట్లు ఎవరైనా లెక్కపెడతారు. గొడవంతా నిలబడ్డవాటితోనే. 14 చెట్లు నిటారుగానే ఉన్నాయి గానీ గాలి మెలేసి మొవ్వు, అంటే కొత్త ఆకు పుట్టే చెట్టు తల, విరిచేసింది. "నిలబడ్డాది గానీ అమ్మా, దీని పేణం పోనాది. సంకురాత్రి దాకా ఉండదు" అన్నాడు నాన్న. కూడా వచ్చినాయన నవ్వి, నిలబడ్డ చెట్టుకు పరిహారం ఏమిటన్నాడు. మేడమ్ గారు నవ్వలేదు. చెట్టెక్కే కుర్రాణ్ని పిలిపించి, తన ఫోనే అతని చేతికిచ్చి, ఒక్కో చెట్టు మొవ్వు ఫొటో తీయించారు. కరెంటు లేని రోజులవి. ఆ ఫోను ట్రాక్టరు బ్యాటరీకి తగిలించి రెండుసార్లు ఛార్జింగు పెట్టాం. అలా పూటంతా మా ఒక్క తోటలోనే గడిచింది.

తీరా పంచాయతీ గోడ మీద అంటించిన జాబితాలో 61 మాత్రమే ఉంది. ఎక్కడ ఎవరు కొట్టేశారో ఇప్పటికీ తెలీదు, తవ్వను కూడా. అర్జీ పెట్టి మేడమ్ గారికి ఫోన్ చేస్తే, అప్పటికే సొంత జిల్లాకు వెళ్లిపోయిన మనిషి ఆ ఫొటోలన్నీ మళ్లీ పంపారు. 75 అయింది.

రెండో చిక్కు మా సొంతానిది. పాసుపుస్తకం ఇంకా తాతయ్య పేరునే ఉంది. ఆయన పోయి తొమ్మిదేళ్లు. భూమి ముగ్గురన్నదమ్ములది, సాగు నాన్నది. హైదరాబాదులో కూలి పని చేసుకునే పెద్ద చిన్నాన్న రైలు రిజర్వేషను దొరక్క జనరల్ పెట్టెలో నిలబడి వచ్చాడు, ఒక్క సంతకానికి. చిన్న చిన్నాన్నకూ నాన్నకూ నాలుగేళ్లుగా మాటల్లేవు. అయినా వచ్చి సంతకం పెట్టి, టీ కూడా తాగకుండా వెళ్లాడు. చిన్నాన్నా, ఇది చదివితే ఒకసారి ఇంటికి రా. అమ్మ అడుగుతోంది. మా వీఆర్వో గారికి, ఆధార్ తప్పు సరిచేసి పైసా తీసుకోని మీసేవ తమ్ముడికి కూడా దండాలు.

మొత్తం 1,12,500. తక్కువని అనను, సరిపోయిందనీ అనను. దుంగలు తీయించడానికే పాతిక వేలు దాటింది. ఇప్పుడు నాటిన మొక్క కాపుకు రావాలంటే ఆరేడేళ్లు ఆగాలి. కానీ అప్పుకు వెళ్లకుండా మొక్కలు నాటాం.

మేడమ్ గారూ, ఒక్క మాట. నాన్న చెప్పినట్టే సంక్రాంతి లోపు 13 చెట్ల తలలు రాలిపోయాయి. బావి పక్కది మాత్రం మొన్న కొత్త ఆకు వేసింది. ఆ 1,500 మనది కాదు, వెనక్కి కట్టేయాలని నాన్న ఒకటే గోల. ఏ ఆఫీసులో, ఏ పద్దు కింద కట్టాలో కాస్త చెప్పండి. ఇక్కడ అడిగితే అందరూ నా మొహం కేసి చూస్తున్నారు.