అవతలి గట్టును సైకిలుకు వదలండి
రాష్ట్ర పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

నేను కోనసీమలో ముప్పై ఏళ్లకు పైగా సాంఘిక శాస్త్రం చెప్పి విరమించిన ఉపాధ్యాయుణ్ని. తరగతి గదిలో వేంగి చాళుక్యుల గురించి, బౌద్ధ స్తూపాల గురించి చెప్పినన్నాళ్లూ అవి ఎక్కడో దూరాన ఉన్నట్టే పిల్లలు వినేవారు. వాటిలో చాలా భాగం వాళ్ల ఊళ్ల నుంచి సైకిలు మీద వెళ్లి రాగలిగినంత దూరంలోనే ఉన్నాయి. వాళ్లను తీసుకువెళ్లే దారి లేకపోయింది. ఆ దారి గురించే ఈ ఉత్తరం.

మన గోదావరి డెల్టా కాలువల్లో చాలావాటికి రెండు గట్లు ఉంటాయి. ఇవతలి గట్టు మీద తారు రోడ్డు పడింది. బస్సులు, ఇసుక లారీలు, చేపల వ్యాన్లు అన్నీ దాని మీదే. అవతలి గట్టు మాత్రం చాలా చోట్ల మట్టిబాటగానే మిగిలిపోయింది. కొబ్బరిచెట్ల నీడ, పక్కనే నీళ్లు. ఆ అవతలి గట్టును సైకిళ్లకు, నడిచేవాళ్లకు కేటాయించమని అడుగుతున్నాను.

ఇది కొత్త ఊహ కాదండీ. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టతో పాటు కాటన్ దొర తవ్వించిన కాలువలు సాగునీటికి మాత్రమే కాదు, పడవలకు కూడా. పడవలను ఒక నీటిమట్టం నుంచి మరో మట్టానికి దించే, ఎక్కించే తలుపుల కట్టడాలు, అంటే లాకులు కట్టింది అందుకే. ధాన్యం పడవలు వాటి గుండా దిగుతూ ఎక్కుతూ రేవులకు చేరేవి. గాలి లేనప్పుడు పడవకు తాడు కట్టి, మనుషులు గట్టు వెంట నడుస్తూ లాగేవారు. అంటే గట్టు పుట్టుకతోనే ప్రయాణాల దారి. ఒక పాత లాకు గోడ అంచున, రాతి మీద నా చూపుడు వేలు ఇమిడేంత గాడి చూశాను. తాడు రాపిడికి అరిగిందనే నా నమ్మకం. ఆ గాడిలో వేలు పెట్టి నిలబడినప్పుడు, ఎంతమంది భుజాలు కాయలు కాస్తే ఈ రాయి ఇంత అరిగిందో అనిపించి కళ్లు చెమర్చాయి. అక్కడ ఒక్క బోర్డు లేదు.

మొన్న సంక్రాంతి వెళ్లాక నేనూ, ఒకప్పటి నా విద్యార్థులు ఇద్దరూ ధవళేశ్వరం నుంచి సైకిళ్ల మీద బయలుదేరాం. నీళ్లు ఎటు వెళ్తే మేమూ అటే వెళ్లాలన్నది మా నియమం. ఆనకట్ట దాటి బొబ్బర్లంక చేరేసరికి మంచు ఇంకా విడలేదు. కాలువకు అటూ ఇటూ దాళ్వా (రెండో పంట) వరి నాట్లు. అక్కడి నుంచి మధ్య డెల్టా ప్రధాన కాలువ వెంట ఆత్రేయపురం మీదుగా లొల్ల లాకులకు వెళ్లాం. నీళ్లు ఒక్క చోటికి చేరి అక్కడ పాయలుగా విడిపోతుంటే ఆ హోరుకు మాటలు వినపడలేదు. దగ్గర్లోనే ర్యాలి. ఒకే నల్లరాతి విగ్రహం ముందు నుంచి విష్ణువు, వెనక నుంచి మోహిని. అర్చకులు దీపం పట్టుకుని వెనక వైపు జడ ముడిని చూపిస్తే నా శిష్యుల్లో ఒకతను, "మాస్టారూ, ఇంత దగ్గర్లో ఉండి నేను ఇన్నేళ్లూ రాలేదు" అన్నాడు. అతని ఊరు రావులపాలెం పక్కనే.

లొల్ల నుంచి గన్నవరం కాలువ పట్టుకున్నాం. పి.గన్నవరం దగ్గర గోదావరి పాయ వైనతేయ అడ్డం వస్తుంది. కాలువ నదిని దాటి అవతలి లంకకు వెళ్లాలి కదా! నది మీద 49 కమానులతో వంతెన లాంటి తొట్టి కట్టి, అందులోంచి నీటిని పారించారు. నది మీద నది. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో సున్నం, ఇటుక, రాయితో మన కూలీలు, మన తాపీ పనివాళ్లు నిలబెట్టిన కట్టడం అది. పక్కనే డొక్కా సీతమ్మ గారి పేరుతో కొత్త అక్విడక్టు వచ్చాక పాతదాని అవసరం తీరిపోయింది. కానీ దాని గొప్పతనం తీరలేదు. అన్నం అడిగిన వారికి లేదనని తల్లి పేరు నీళ్లు మోసే కట్టడానికి పెట్టడం ఎంత సముచితమో! పాత కట్టడాన్ని కూడా అంతే గౌరవంగా చూడండి. దాన్ని ముందు రక్షిత కట్టడంగా ప్రకటించేలా చూడండి. ఇంజినీర్లు పరీక్షించి, భద్రమంటే దాని మీద నడిచేందుకు, సైకిలు తొక్కేందుకు అనుమతించండి.

అవతల మామిడికుదురు మండలంలో ఆదుర్రు. వైనతేయ ఒడ్డున ఉన్న బౌద్ధ స్తూపం కోసం వెళ్లాం. ఊరి మొదట్లో దారి చూపే బోర్డు మాకు కనిపించలేదు. కొబ్బరికాయలు ఒలుస్తున్న ఒక పెద్దావిడను "బౌద్ధ స్తూపం ఎటు వైపమ్మా?" అని అడిగాను. ఆమెకు అర్థం కాలేదు. నేను చేతులతో ఇటుకల గుట్టలా చూపిస్తే, "దుబరాజు గుడి అడుగుతున్నారా బాబూ? అదిగో, ఆ తోట వెనక" అంది. ఈనాటి ఇటుకకు రెండింతలున్న ఇటుకలు అక్కడ. సముద్రం అంత దగ్గరగా ఉన్న ఈ లంక దాకా భిక్షువులు వచ్చి, ఉండి, స్తూపం కట్టుకున్నారన్నమాట. మేము ఉన్న గంటసేపట్లో ఇంకెవరూ రాలేదు.

చివరికి గోదావరి మరో పాయ వాసిష్ఠ సముద్రంలో కలిసే అంతర్వేదిలో సైకిళ్లు ఆపాం. గోదావరి నీటితో పాటు వెళ్లి గోదావరి ముగిసే చోటు చూశాం. ఒక రాత్రి మధ్యలో తెలిసినవారింట్లో పడుకున్నాం, ఎందుకంటే సైకిలు వాళ్లకు సరిపడే బస దారిలో ఎక్కడా దొరకలేదు. గట్ల వెంట జలవనరుల శాఖ వారి పాత ఇన్‌స్పెక్షన్ బంగ్లాలు ఉన్నాయి. వాటిలో కొన్ని పాడుబడుతున్నాయి. రెండు మంచాలు, తాగునీరు, తాళం వేసుకునే తలుపు ఉంటే చాలు. ఏసీ రిసార్టు అక్కర్లేదు.

ఇది ఒక్క దారి. తూర్పు డెల్టాలో మరొకటి ఉంది. బిక్కవోలులో పొలాల మధ్య నిలబడిన చాళుక్యుల గుళ్లు, సామర్లకోట, గోడల మీదా స్తంభాల మీదా వందల శాసనాలున్న ద్రాక్షారామం, 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న యానాం, ఆ పైన కోరింగ మడ అడవులు. కోటిపల్లి రేవులో పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కి గౌతమి పాయ దాటితే రెండు దారులూ కలుస్తాయి. పంటు మీద సైకిలుకు చోటు, న్యాయమైన టిక్కెట్టు ఉండేలా చూడండి. ఒక పాత గుడిలో, ఊరి పేరు చెప్పను, శాసనం మీద రంగు పూసి ఉంది. అఖండ దీపానికి గొర్రెలు దానం ఇచ్చిన సామాన్యుల పేర్లు కూడా అలాంటి రాళ్ల మీదే ఉంటాయి. రంగు కింద పోతున్నది మన తాతముత్తాతల పేర్లు. శాసనం ఉన్న ప్రతి చోటా దాని సారాంశం వాడుక తెలుగులో ఒక చిన్న పలక మీద రాయించండి. రాసేవాళ్లు మా ఉపాధ్యాయుల్లోనే ఉన్నారు, రూపాయి అడగరు.

ఈ పని ఇన్నాళ్లూ జరగకపోవడానికి ఒక కారణం నాకు అర్థమైంది. గట్టు జలవనరుల శాఖది, గుడి దేవాదాయ శాఖది, స్తూపం పురావస్తు శాఖది, పుంత రోడ్డు (పొలాల మధ్య బండ్ల దారి) పంచాయతీది. ఎవరి దగ్గరికి వెళ్లినా రెండో వారి పేరు చెబుతారు. వీరందరినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టగలిగిన వారు మీరే.

అడిగేది పెద్ద ఖర్చు కాదు. ఆరడుగుల వెడల్పున గ్రావెల్ పోసి దిమ్మిస చేసిన బాట చాలు. సిమెంటు వద్దు, చెట్లు కొట్టవద్దు. కార్లు దూరకుండా మొదట్లో రెండు రాతి స్తంభాలు పాతితే సరిపోతుంది. కాలువగట్ల మీద గుడిసెలు వేసుకుని బతుకుతున్న పేదలున్నారు. పర్యాటకం పేరుతో వారిలో ఒక్క కుటుంబాన్ని లేపినా ఈ ఉత్తరం రాసినందుకు నేను బాధపడతాను. ఇళ్లున్న చోట బాటను పుంత మీదికి మళ్లించండి. నది వరదను ఆపే ఏటిగట్టును మాత్రం అసలు ముట్టుకోవద్దు, నేను అడిగేది కాలువగట్టే. 1986 ఆగస్టు వరద చూసినవాణ్ని. ఏటిగట్టు మాకు ప్రాణం. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి హెచ్చరిక ఇచ్చిన రోజు నుంచి వరద తగ్గేదాకా సైకిలు దారులు మూసేయాలన్న నిబంధన కూడా ముందే పెట్టండి.

ఆ బాట యాత్రికులకే కాదు. ప్రభుత్వం ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చిన ఏడాది మా బడికి వచ్చిన కొత్త సైకిళ్లు నాకు గుర్తున్నాయి. కొన్నాళ్లకు వాటిలో కొన్ని ఇళ్లలోనే ఉండిపోయాయి. తండ్రులను అడిగితే, "లారీల రోడ్డు మీద పిల్లను ఎలా పంపమంటారు మాస్టారూ?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. అవతలి గట్టు ఆ పిల్లలకు జవాబు.

2027లో గోదావరి పుష్కరాలు. రోడ్లు వెడల్పు చేసే పనులు, ఘాట్ల పనులు మొదలైతే ఆ హడావిడిలో అవతలి గట్లు కూడా కాంక్రీటు కిందికి పోతాయని నా భయం. అందుకే ఇప్పుడే రాస్తున్నాను. ముందు ఒక్క ముక్క చేసి చూడండి, బొబ్బర్లంక నుంచి లొల్ల లాకుల దాకా. వేసవిలో కాలువలకు నీళ్లు ఆపేసినప్పుడు ఆ పని తేలిక. జూన్‌లో నీళ్లు వదిలేలోపు అయిపోతుంది. మీ ఇంజినీర్లు వచ్చే రోజు ఒక్క మాట చెప్పి పంపండి. బొబ్బర్లంక లాకుల దగ్గర సైకిలుతో ఉంటాను, గట్టు ఎక్కడ కోసుకుపోయిందో, ఎక్కడ గుడిసెలున్నాయో దగ్గరుండి చూపిస్తాను.

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయుడు,
ఆత్రేయపురం మండలం