పోయిన శనివారం పిండి పొంగలేదు, తప్పు నాదే

ఇక్కడ అమెరికాలో, నాషువాలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ మా దగ్గర ఇడ్లీ పిండి తీసుకునే అందరికీ నమస్కారం.

పోయిన శనివారం ఇచ్చిన 38 డబ్బాల పిండి బాగాలేదు. "అక్కా, ఈ ఇడ్లీ గోడకేసి కొడితే గోడకే దెబ్బ" అని ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. చాలామంది మొహమాటానికి ఏమీ అనలేదు. కరెంటు పోయింది కాబట్టి ఇలా అయిందని చెప్పేస్తే నాకు సులువే. కానీ డబ్బాలు నింపేటప్పుడే పిండి తేడాగా ఉందని నాకు తెలుసు. గరిటె పెట్టి తిప్పితే ఒక్క బుడగ రాలేదు, పులుపు వాసన లేదు, పచ్చి మినప్పప్పు వాసనే. ఆర్డర్లు ఒప్పుకున్నాం కదా అని ఇచ్చేశాను. అందరి డబ్బులూ వాపసు పంపుతున్నాను.

జరిగింది ఇదీ. పిండి పులవడానికి గది వెచ్చగా ఉండాలి, 85 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర. గుంటూరులో మా అమ్మకి ఎండాకాలం పిండి గిన్నె దాటి పొర్లకుండా ఆపడమే పని. న్యూ హాంప్‌షైర్ చలికాలంలో ఆ వేడి మనమే పుట్టించాలి. మా వంటగది పక్క గదిలో పెల్లెట్ స్టవ్ ఉందని మీలో చాలామంది చూశారు. అందులో మండేవి రంపపు పొట్టును గట్టిగా అదిమి చేసిన చిన్న గుళికలు, 40 పౌండ్ల బస్తాల్లో వస్తాయి. ఖర్చు తక్కువ, వేడి బాగా ఇస్తుంది. ఒకటే చిక్కు: మండేది కట్టెపొట్టే అయినా నడవాలంటే కరెంటు కావాలి. గుళికల్ని లోపలికి తోసే మర, పొగను బయటికి లాగే ఫ్యాను, వేడిగాలి గదిలోకి ఊదే ఫ్యాను, అన్నీ కరెంటు మీదే.

శుక్రవారం సాయంత్రం రుబ్బడం అయింది. రాత్రి తొమ్మిదిన్నరకి మంచువాన బరువుకి కొమ్మలు విరిగి తీగల మీద పడ్డాయి, కరెంటు పోయింది. పొగ లాగే ఫ్యాను ఆగింది గానీ లోపలున్న గుళికలు రాజుకుంటూనే ఉన్నాయి. కాసేపటికి పొగ గదిలోకి రావడం మొదలై, బ్యాటరీ మీద నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగింది. తలుపులన్నీ తెరిచి బయటికొచ్చేశాం. ఆ అరగంటలో గదిలో ఉన్న వెచ్చదనమంతా పోయింది.

రెండేళ్ల క్రితం చవగ్గా వస్తోందని నేనే కొన్న 400 వాట్ల కారు ఇన్వర్టర్ ఒకటుంది, కారు బ్యాటరీ కరెంటుని ఇంటి కరెంటుగా మార్చేది. పెట్టె కూడా విప్పలేదు. మా ఆయన దాన్ని వ్యాన్‌లో సిగరెట్ లైటర్ సాకెట్‌కి పెట్టి స్టవ్ ఆన్ చేశారు. స్టవ్ నడిచేటప్పుడు వంద వాట్లే తీసుకుంటుంది కానీ, వెలిగేటప్పుడు లోపలి కడ్డీ ఎర్రగా కాలడానికి కొన్ని నిమిషాలు 350 దాకా లాగుతుంది. 12 వోల్టుల దగ్గర అది 30 ఆంపియర్ల చిల్లర. సాకెట్ ఫ్యూజు టప్పుమని పోయింది. తర్వాత వైర్లు నేరుగా బ్యాటరీకే తగిలించారు. ఈసారి ఫ్యాను తుమ్మెదలా రొద పెట్టింది, స్టవ్ తెర మీద ఏదో ఎర్రర్ నంబరు వచ్చి ఆగిపోయింది. చవక ఇన్వర్టర్లు ఇచ్చే కరెంటు ఇంట్లో వచ్చేదానిలా నున్నగా అలలా ఉండదు, మెట్లు మెట్లుగా ఉంటుంది. బల్బుకి పర్వాలేదు, ఇలాంటి మోటార్లకీ బోర్డులకీ పడదు. ఇవన్నీ పెట్టె మీద రాసే ఉన్నాయి, చదవనిది నేను.

ఒంటిగంటకి ఎదురింటి పెద్దాయన తన క్యాంపింగ్ సామాన్లలోంచి 1000 వాట్ల ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్, అంటే ఇంటి కరెంటులా నున్నటి అలనే ఇచ్చేది, తెచ్చిచ్చారు. వ్యాన్‌ని గ్యారేజీలో కాకుండా బయట, పొగ ఇంటి వైపు రాకుండా తిప్పి నిలబెట్టి, ఇంజను ఆన్‌లో ఉంచి నడిపాం. అప్పటికి గది 54 డిగ్రీలు. మళ్లీ వెచ్చబడేసరికి తెల్లవారుజాము నాలుగు. రాత్రంతా పులవాల్సిన పిండికి దొరికింది మూడు గంటలు.

ప్రొపేన్ గ్యాసు హీటర్ పెట్టుకోవచ్చు కదా అని ఇద్దరు అడిగారు. పొగగొట్టం లేనిది మూసిన గదిలో పెట్టను. గిన్నెలన్నీ కంబళ్లలో చుట్టి మా బెడ్రూంలో పెట్టమన్న ఇంకో సలహా కూడా వచ్చింది. ఆ గదిలోనూ కరెంటు లేదండీ.

ఇప్పుడు ఎదురింటి పెద్దాయన దగ్గరున్నలాంటి ఇన్వర్టరే ఒకటి, 12 వోల్టుల 100 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీ ఒకటి కొన్నాం. చేతులు కాలాక ఆకులే, తెలుసు. ఆదివారం కావాలనే స్టవ్ ప్లగ్ గోడలోంచి పీకి దీనికి పెట్టి చూశాను. తొమ్మిది గంటలు దాటినా నడుస్తూనే ఉంది. అంతకు మించి కరెంటు రాకపోతే బయట వ్యాన్ ఉంది. డబ్బా రేటు పెంచడం లేదు.

ఇంకొక మాట. ఇకమీద పిండి పొంగకపోతే ఆ వారం ఇవ్వను. ఉదయం ఏడింటికే మెసేజ్ పెడతాను. మీ ఇంట్లో చుట్టాలున్నా సరే, ఉప్మాకి రవ్వ సిద్ధంగా పెట్టుకోండి.

ఈ శనివారం తొమ్మిది నుంచి పదకొండు దాకా ఎప్పటిలాగే రండి. మూతలు గట్టిగా బిగించకండి, కారులో డబ్బాని హీటర్ గాలికి ఎదురుగా పెట్టకండి. పోయిన నెల ఒకరి సీటు మీదే పొంగింది.